ఇంగువ వచ్చిన త్రోవ

పూర్వవైభవము పోయి దాని ఛాయ మాత్రము మిగిలిన యింటిని మనవారు “ఇంగువ కట్టిన గుడ్డ” యందురు. మూట విప్పి ఇంగువ తీసివేసినను గుడ్డకుఁ బట్టిన వాసన యేండ్లతరబడి వదలదు. పరిచయము లేని వస్తువుమీఁద సామెతలు పుట్టవు. మాగాయ తిరుగమోఁతలోను, పులిహోరలోను, చారులోను, అప్పడముల పిండిలోను దీని నెఱుఁగని తెలుగిల్లు అరుదు. ఇంత చనవు గలిగిన యీ సరకు మన మన్నున మొలచినది కాదు. నిన్నమొన్నటివఱకు భారతదేశమునం దెక్కడను దీనిని సేద్యముచేసి పండించిన రైతు లేఁడు.

ఒకనాఁడు తరగతిలోఁ బిల్లల నడిగితిని: ఇంగువ యన నేమి? ఒకఁడు చెట్టుబెరడనెను. ఒకఁడు గనిలో దొరకు రాయి యనెను. ఒక బాలిక డబ్బామీఁదనున్న కర్మాగారము పేరు చెప్పి, యక్కడఁ బుట్టుననెను. మూఁడవ యుత్తరము తప్పైనను దానిలోఁ గొంత నిజము లేకపోలేదు. ఆ సంగతి ముందు చూతము.

ఇంగువ యొక మొక్క వేరునుండి యూఱెడు పాలు గట్టిపడఁగా నేర్పడిన బంక. శాస్త్రజ్ఞు లా మొక్కజాతికి ఫెరులా యని పేరిడిరి. కొత్తిమీర, జీలకఱ్ఱ, వాము, సోపు దీనికి జ్ఞాతులు. ఇరానులోని ఖొరాసాను, లారిస్తాను ప్రాంతములయందును, ఆఫ్గనిస్తానములోని హెరాతు, కందహారు ప్రాంతములయందును, మధ్యాసియా మెట్టలయందును, వాన చాలక రాళ్లు తేలిన నేలలలో నిది తనంతటఁ బెరుగును. మొదటి నాలుగైదేండ్లు ఆకులు మాత్రమే నేలమీఁదఁ బఱచుకొని యుండును. ఆహారమంతయు ముల్లంగివలె లావైన వేరులోఁ గూడఁబెట్టుకొనును. పిమ్మట నొక్క వసంతమున నిలువెత్తు కాడ నెత్తి, పసుపుపచ్చని పూలు పూచి, గింజలు రాల్చి చచ్చిపోవును. గెలవేసిన యరఁటివలె దీనికిని జీవితమున నొక్కటే కాపు.

కాడ పూఁతకు రాకమునుపే జనులు వేరుచుట్టు మట్టి త్రవ్వి, తలను గోసి, కోసినచోట నెండ తగులకుండఁ గొమ్మలును మట్టియుఁ గప్పుదురు. కొన్ని దినములకు వచ్చి చూడఁగాఁ గోఁతమీఁదఁ బాలు పేరుకొని యుండును. దానిని గీఁకి తీసి, వేరుమీఁద మఱియొక పలుచని పొర కోసి, మఱలఁ గప్పుదురు. వేరు వట్టిపోవువఱకు, సుమారు మూఁడు నెలలు, ఇట్లే జరుగును. జర్మనుదేశపు వైద్యుఁడు ఎంగెల్బర్టు కెంఫరు 17వ శతాబ్దిలోఁ బారసీకమున నున్నప్పుడు లారిస్తానులో నీ పనిని గన్నులారఁ జూచి, 1712లోఁ బ్రకటించిన గ్రంథమున వర్ణించెను. నేఁటికిని ముఖ్యపద్ధతి యదియే.

పచ్చి యింగువలోఁ గంధకముతోఁ గూడిన తైలమున్నది. ఆ కంపు దానివలనఁ గలుగునదే. నేతిలోనో నూనెలోనో పడి వేఁగినప్పు డా ద్రవ్యములు మాఱి, యుల్లి వెల్లుల్లులను దలపించు కమ్మదనము వచ్చును. జర్మనులు దీనికి దయ్యపు పెంట యని పేరుపెట్టిరి. వారు దీనిని నేతిలో వేఁచి చూడలేదు కాఁబోలు.

ఇఁక మనవారు పెట్టిన పేళ్లు చూడుఁడు. అమరకోశమున హింగువు, జతుకము, సహస్రవేధి, రామఠము, బాహ్లికము అను పర్యాయపదములున్నవి. జతు వనఁగా లక్క. లక్కవలె నుండునది జతుకము. సహస్రవేధి యన్నది దాని ఘాటును జెప్పును. తక్కిన రెండు పేళ్లును దేశములను జెప్పును. బాహ్లికము నేఁటి ఆఫ్గనిస్తానపు టుత్తరభాగమున నున్న బల్ఖు. రామఠులు భారతమున సభాపర్వములో, నకులుని పడమటి దిగ్విజయమున, హారహూణులతోఁ గలిపి చెప్పఁబడిన వాయవ్యపు జనులు. హింగుశబ్దమే యిరాను భాషలనుండి మనకు వచ్చినదని పలువురు భాషాశాస్త్రజ్ఞు లందురు. పారసీకములో నేఁటికిని దీనిని అంగుజె యనుచున్నారు.

కాఁబట్టి మన పూర్వులకు ఇంగువ పరదేశపు సరకని తెలియదనుట కల్ల. ఊరుపేరు పెట్టి మఱి పిలిచిరి. ఆ యూరి జనులను గూర్చి వారికున్న యభిప్రాయమైన గొప్పదా? భారత కర్ణపర్వమునఁ గర్ణుఁడు శల్యునితోఁ గలహించుచు వాయవ్యపు జనులను ఆచారహీనులనియు, అభక్ష్యభక్షకులనియు నోరార దూషించినాఁడు. ఆ జనులపేరు ప్రతులలో వాహీకులనియు బాహ్లికులనియు రెండువిధములఁ గనఁబడుచున్నది. ఎవరి దేశము పేరు చెప్పిన నాచారవంతులు ముక్కు మూసికొనిరో, వారి దేశమునుండి వచ్చిన యీ కంపు బంకను మాత్రము ముక్కు మూసికొనక వంటయింటిలోనికిఁ దెచ్చుకొనిరి. ఆ పనిని నేను నిందింపను. కాని యది జరిగినదని జ్ఞాపకముంచుకొనవలెను.

పడమటివారును దీని వెంటఁబడిరి. ఆఫ్రికా యుత్తరతీరమున గ్రీకులు నెలకొల్పిన కురేనె పట్టణము సిల్ఫియమను నొక మొక్క బంకవలన సంపన్నమయ్యెను. దాని నాణెములమీఁద నా మొక్క బొమ్మయే ముద్రింపఁబడెడిది. క్రీస్తుకుఁ బూర్వము 329లో అలెగ్జాండరు సైన్యము హిందూకుషు పర్వతములు దాఁటునప్పుడు, ఆ కొండలలో సిల్ఫియము పెరుగుట చూచినట్లు అరియను వ్రాసినాఁడు. వంటచెఱకు దొరకక సైనికులు బరువుమోయు పశువులను జంపి పచ్చిమాంసము తినవలసి వచ్చినప్పు డా మొక్కయే జీర్ణమునకుఁ దోడ్పడెనని స్ట్రాబో చెప్పుచున్నాఁడు. వారు చూచినది మన యింగువ మొక్కయో దాని దాయాదియో యని పండితుల తలంపు. కురేనెలో మొక్క క్రమముగా నంతరించెను. తన జ్ఞాపకములో నొక్క కాడ మాత్రమే దొరకఁగా దానిని నీరో చక్రవర్తికిఁ బంపిరని ప్లినీ వ్రాసినాఁడు. నీరో యేలినది క్రీస్తుశకము 54 మొదలు 68 వఱకు. ఆ పిమ్మట రోమునగరపు వంటలకుఁ బారసీకపు ఇంగువయే గతియయ్యెను. అపీసియసు పేరనున్న పాకశాస్త్రములో నొక చక్కని గృహిణీతంత్రమున్నది: ఈ బంకను గాజుపాత్రలోఁ బైనుగింజల నడుమ నుంచి, వంటకు గింజలను మాత్రమే నూఱి వాడుకొని, తీసినన్ని క్రొత్తగింజలను మఱలఁ బోయవలెను. పొదుపరులైన యిల్లాండ్రు అన్ని దేశములను నొక్కటే.

ప్లినీ చెప్పిన మఱియొక మాట మనకుఁ బనికివచ్చును. పారసీకమునుండి వచ్చు సరకులో బంకలును, నలిపిన చిక్కుడుగింజల పిండియుఁ గలిపి మోసము చేయుచున్నారని యతఁడు మొఱవెట్టినాఁడు. ఇది 1900 ఏండ్లకుఁ బైఁబడిన మొఱ.

7వ శతాబ్దిలో మన ధాన్యకటకమును జూచిపోయిన చీనాయాత్రికుఁడు హ్యుయాన్ త్సాంగు, తిరుగుప్రయాణమున గజనీ ప్రాంతము గుండఁ బోవుచు, అక్కడి లోయలో హింగువు విస్తారముగాఁ బెరుగుచున్నదని వ్రాసికొనెను. చీనాబౌద్ధు లీ హింగువును ఉల్లి వెల్లుల్లులతోఁ జేర్చి, భిక్షువులు ముట్టరాని యైదు ఘాటువస్తువులలో నొకటిగా లెక్కించిరి. మనదేశమునఁ జరిగినది సరిగా దీనికి విపరీతము. మనుస్మృతి వెల్లుల్లిని, ఉల్లిని ద్విజులకు నిషేధించినదిగాని, ఆ నిషేధపు జాబితాలో హింగువు లేదు. ఉల్లి మానిన యిండ్లలో, జైనుల వంటలలోఁ గూడ, ఆ రుచికి బదులుగా హింగువే కూర్చున్నది. ఒకే విధమైన గంధకపు వాసన. చీనా మఠమున వెలి, మన మడివంటలోఁ గొలువు! మనలోనైనను లెక్క యంతట నొకటి కాదు. పెక్కిండ్లలో నాబ్దికమునాఁటి వంటలో ఇంగువ వేయరు. కాశ్మీరపండితులో, ఉల్లి వెల్లుల్లి లేకుండఁ జేయు మాంసపుఁ గూరకే ఇంగువ వేయుదురు. ఇంగువ సాత్త్వికాహారమని యెవరైనఁ జెప్పిన, ఏ యూరి సాత్త్వికమని యడుగుట మంచిది.

తెలుగునేలను గూడ నేలిన విజయనగరప్రభువుల సంబంధమైన కథ యొకటి గోవాలో నుండిన పోర్చుగీసు వైద్యుఁడు గార్సియా ద ఓర్తా 1563లో నచ్చొత్తించిన గ్రంథమున నున్నది. విజయనగరమున నొక పోర్చుగీసువానికి మేలైన గుఱ్ఱముండెను. దానికి వాయువుచేఁ గడుపుబ్బరము. అందుచేత రాజు దానిని గొననొల్లఁడయ్యెను. ఆతఁడు పిండిలో ఇంగువ కలిపి పెట్టఁగా గుఱ్ఱము బాగుపడెను. రాజు మంచివెల యిచ్చి కొని, ఏమి మందు పెట్టితివని యడిగెను. సంగతి విని, దేవతల యాహారము పెట్టితివి, బాగుపడుటలో వింతయేమున్నదని రాజనఁగా, దయ్యముల యాహారమనుట మేలని యా పోర్చుగీసువాఁడు తన భాషలో గొణిగికొనెనఁట. ఆ కాలమున విజయనగరపు గుఱ్ఱములు సముద్రముమీఁదఁ బారసీక, ఆరబ్బు తీరములనుండి దిగుచుండెను. వాని రోగమునకు మందును బారసీకముననే పుట్టినది. హిందువులు కూరలన్నిటిలోను దీనిని వాడుదురని గూడ నాతఁడు వ్రాసినాఁడు.

ఓడలలో వచ్చిన దొక త్రోవ. కనుమలగుండఁ గాలినడకను, ఒంటెలమీఁదను వచ్చినది రెండవత్రోవ. కాబూలీవాఁడు మేఁకతోలు సంచులలో ఇంగువయు, ఎండుపండ్లును దెచ్చి ఊరూరఁ దిరిగి యమ్మెడివాఁడు. మా మాతామహి బాల్యములో వారిని జూచినది. నిలువెత్తు మనిషి యరుఁగుక్రింద నిలిచి కేక వేయఁగానే పిల్లలు వంటయింటిలో దాఁగెడివారఁట. ఇంటి పెద్దావిడ గడపలోపలనుండియే బేరమాడి, ముద్దను వాసన చూచి, ఆకులో వేయించుకొని, నేరుగా మడివంటకుఁ గొనిపోయెడిది. అతఁడు దాహమడిగిన చెంబు చేతి కీయక, దోసిలిలోఁ బైనుండి పోసెడివారు. ముద్దకు శుద్ధి యక్కఱలేదు. దానిని దెచ్చిన చేతికి మాత్రము చెంబు తగులరాదు. ఆ చేయి యా ముద్దను బిసికి, మూటకట్టి, కొన్ని వందలమైళ్లు మోసినదే గదా యని ముసలమ్మను నే నడిగినప్పుడు, “అంగడి సరకుకు మైల లేదురా నాయనా” అని తేల్చివేసెను.

ఆమె చదువుకొనకపోయినను ఆ మాట స్మృతిసమ్మతమే. పనివాని చేయియు, అమ్మకమునకై పఱచిన సరకును ఎల్లప్పుడు శుద్ధములే యని మనుస్మృతి యైదవ యధ్యాయము చెప్పుచున్నది. ధర్మశాస్త్రకారులు లోకజ్ఞానము లేనివారు కారు. వర్తకము లేనిదే సంసారము సాఁగదని యెఱిఁగి, సరకునకు ద్వారము తెఱచి యుంచిరి. అయితే యా ద్వారము సరకు పట్టునంత మాత్రమే తెఱవఁబడినది. మనుష్యుఁడు పట్టునంత కాదు. అవసరము వచ్చినప్పుడు శుద్ధినియమము వంగుననుటకు మన యింగువడబ్బాయే సాక్ష్యము. నాలుకకోసము వంగిన నియమము మనుష్యునికోసము వంగదని వాదించు పండితులు, ఆ వంపు వలను శాస్త్రముమీఁద మోపక, తమ మనస్సునం దున్నదని యొప్పుకొనిన న్యాయముగా నుండును. కాబూలీలు హెచ్చువడ్డీకి నప్పులిచ్చి కఱ్ఱచేతఁ బట్టి వసూలు చేసెడివారని వారికిఁ గల యపకీర్తి నిజమే. కాని దోసిలి నీళ్లు వడ్డీకి శిక్షగాఁ బోసినవి కావు. వడ్డీ పుచ్చుకొనని తోఁటపనివానికిని దోసిలియే.

1947లో దేశవిభజనమైన పిమ్మట ఆ కాలినడక వర్తకమునకు నడుమ సరిహద్దు పడెను. నేఁడు ముడి యింగువ ముఖ్యముగా ఆఫ్గనిస్తానమునుండియు, ఇరాను, ఉజ్బెకిస్తానములనుండియు దిగుమతి యగుచున్నది. ఏఁట సుమారు 1,200 టన్నులు, వెల సుమారు 600 కోట్ల రూపాయలని 2020లోఁ బ్రభుత్వశాస్త్రసంస్థ లెక్క చెప్పెను. పుట్టినిండ్ల యందు దీని వాడుక కొంచెమే. ఆఫ్గనులు చలికాలమునకై యెండఁబెట్టు మాంసమునకు ఉప్పుతోఁబాటు దీనిని రాయుదురు. పంటలోఁ బెద్దభాగమునకు గిరాకి మన తిరుగమోఁతలే.

పిల్లదాని యుత్తరమున నిజమున్నదని పైనఁ జెప్పితిని. దిగుమతియైన ముద్ద యున్నదున్నట్లు వంటకుఁ బనికిరానంత ఘాటు. అందుచేత దానిని గోధుమపిండితోనో బియ్యపుపిండితోనో, తుమ్మబంకవంటి బంకతోనో కలిపి, ముద్దగానో పొడిగానో చేసి యమ్ముదురు. ఉత్తరప్రదేశములోని హాత్రసు పట్టణ మీ పనికిఁ బేరుపొందినది. 2023లో హాత్రసు ఇంగువకు భౌగోళికసూచిక గుర్తింపును లభించెను. ప్లినీ మోసమని మొఱవెట్టిన కలుపు నేఁడు చట్టసమ్మతమైన పరిశ్రమ. చట్టము ప్రకారము కలిపిన ఇంగువలో మద్యసారమునఁ గరఁగు సారము నూటికి 5 పాళ్లకుఁ దక్కువ కాకుండిన చాలును. కలపని దానికి 12 పాళ్లుండవలెను. కలుపుట దోషము కాదు, ఏమి కలిపిరో చెప్పకపోవుట దోషము. కొను నమ్మలు డబ్బామీఁది యక్షరములు చదువవలెను. గోధుమలోని బంకపదార్థము పడనివారు కొందఱు గలరు. వారికిఁ జిటికెడు పొడియుఁ గీడు చేయవచ్చును. ధాన్యము ముట్టక ఏకాదశి యుపవసించు పెద్దలు ఇంగువ వేసిన కూర తినుచు గోధుమపిండి తినుచున్నారని యెవరును వారికిఁ జెప్పినట్లు లేదు. దోసిలిలో నీళ్లు పోయుటలోఁ జూపిన జాగ్రత్తలోఁ బదియవపాలు డబ్బా చదువుటలోఁ జూపిన నిది తెలిసియుండును.

మందుగా దీని ప్రతిష్ఠ మఱియుఁ బ్రాచీనము. అగ్నిదీపనము, వాతకఫశమనము చేయువానిలో హింగుబంకను శ్రేష్ఠముగాఁ జరకసంహిత పేర్కొన్నది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, సైంధవలవణము, రెండు జీలకఱ్ఱలు, ఇంగువ కలిపిన హింగ్వష్టకచూర్ణమును నేతితో మొదటి ముద్దలోఁ దినుట నేఁటికిని వాడుకలో నున్నది. రసాయనశాస్త్రమునకును దీనివలన లాభము కలిగినది. 1866లో నిద్దఱు రసాయనవేత్త లీ బంకనుండి వేఱుచేసిన యామ్లమునకు మొక్కపేరుమీఁదుగా ఫెరులికామ్లమని పేరు వచ్చెను. అజీర్తికి, ఉబ్బరమునకు మితముగా వాడుటలో నాకు నాక్షేపము లేదు. కాని మితిమీఱిన నమ్మక మెక్కడైనను నొక్కటే. 1918లో విషజ్వరము ప్రపంచమును జుట్టుముట్టినప్పుడు అమెరికాలోఁ జదువుకొన్నవారుకూడ ఇంగువమూటలు మెడలోఁ గట్టుకొని తిరిగిరి. జ్వర మా మూటలను లెక్కచేయలేదు.

పసిబిడ్డల సంగతి మాత్రము నవ్వులాట కాదు. కడుపునొప్పికని ఇంగువ కలిపిన మందు త్రాగింపఁగా, అయిదువారముల శిశువునకు నెత్తురు ప్రాణవాయువును మోయుశక్తి కోలుపోయి శరీరము నీలమైన యుదంతము 1984లో అమెరికా శిశువైద్యపత్రికలోఁ బ్రకటింపఁబడెను. పసికందుల నెత్తురు మన నెత్తురువంటిది కాదు. అట్టి మార్పున కది సులభముగా లోనగును. మన యిండ్లలో శిశువు బొడ్డుచుట్టు ఇంగువ రాయు నాచారమున్నది; అది వేఱు, లోపలికిఁ బోయుట వేఱు. పాలుద్రాగు బిడ్డకు ఇంగువనీళ్లు పట్టవలదని ప్రతి యింటి పెద్దమ్మకును వినయముగా మనవిచేయుచున్నాను. గర్భిణులు మందుమోతాదున దీనిని బుచ్చుకొనరాదని వైద్యులు చెప్పుచున్నారు. చారులో వేయు చిటికెడు మాట కాదది.

ఇఁక క్రొత్త సంగతి. హిమాచలప్రదేశమున పాలంపూరులోని హిమాలయ జీవవనరుల పరిశోధనసంస్థవారు 2018లో నిరానునుండి గింజలు తెప్పించి, మొలకెత్తించి, 2020 అక్టోబరు 15న లాహౌలు లోయలోని క్వారింగు గ్రామమున నొక రైతు పొలములో మొదటి మొక్క నాటిరి. ఆ లోయ చలియు, వానలేమియు ఆఫ్గను కొండలను బోలును. గింజ మొలచుటయే కష్టము. దీర్ఘకాలము చలిలో నిద్రించినగాని మొలక రాదు, వచ్చినను నూటికిఁ గొన్ని మాత్రమే. బంక యిచ్చుటకు మొక్కకు సుమారయిదేండ్లు పట్టును. అప్పుడు రైతు రెండింటిలో నొకటి యెన్నుకొనవలెను. తల కోసి పాలు తీసిన మొక్క గింజ కట్టదు. గింజకని విడిచిపెట్టిన మొక్క పాలీయక పూచి చచ్చిపోవును. ఆఫ్గను కొండలలో గిరాకిమీఁదనున్న యాశచేఁ బూఁతకు రానీయక కోసిన తావులలో మొక్కలు పలుచఁబడినవి. లాహౌలు రైతులు గింజకని విడిచిన మొక్కలనుండియే మఱుసటి సేద్యపు నారు రావలెను. అంతవఱకు మన పోపులకు వాయవ్యపు కొండల సరకే దిక్కు.